ఉద్యోగ దరఖాస్తులో నిజం రాయడం ఎలా: విజయవాడ, గుంటూరు అభ్యర్థులకూ, ఉద్యోగాలిచ్చేవారికీ

ఇంజనీరింగో డిగ్రీయో పూర్తయి ఏడాదో రెండేళ్లో గడిచాక గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో గది తీసుకుని దరఖాస్తులు పెట్టుకునే వారికి తరచుగా వినిపించే సలహా ఒకటుంది: "ఫ్రెషర్ అంటే ఎవరూ పిలవరు, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో." ఈ మాట చెప్పేది కాలేజీలో సీనియరు కావచ్చు, డబ్బు తీసుకుని ఆఫర్ లెటరు, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు తయారుచేసిపెట్టే కన్సల్టెన్సీ కావచ్చు. వినేవారికి అది అందరూ చేసే పనిలాగే కనిపిస్తుంది. నా అభిప్రాయంలో అబద్ధపు దరఖాస్తుల్లో ఎక్కువ భాగానికి దురుద్దేశం కంటే, తమ దగ్గరున్న నిజాన్ని ఎలా రాయాలో తెలియకపోవడమే కారణం. తాము చేసిన పని చిన్నదనీ, గడిచిన ఖాళీ ఏళ్లు సిగ్గుపడవలసినవనీ అనుకోవడం వల్లనే చాలామంది కల్పనకు పోతున్నారు. అందుకే ఈ మార్గదర్శినిలో ఎక్కువ భాగం నిజాన్ని బలంగా రాయడం గురించే ఉంటుంది.

ముందుగా మీ కాగితాలు మీరే తనిఖీ చేసుకోండి

రెజ్యూమె మొదలుపెట్టకముందే ఒక తెల్లకాగితం మీద పదో తరగతి నుంచి నేటివరకు జరిగినదంతా నెల, సంవత్సరంతో సహా వరుసగా రాసుకోండి: ఎక్కడ చదివారు, ఎప్పుడు పూర్తయింది, ఎక్కడ పనికి చేరారు, ఎప్పుడు మానేశారు, మధ్యలో ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నారు. జ్ఞాపకం మీద ఆధారపడకుండా మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూసి రాయాలి. వెరిఫికేషన్‌లో, అంటే ఉద్యోగమిచ్చేవారు మీ వివరాలను తనిఖీ చేయించేటప్పుడు, బయటపడే తేడాల్లో కొన్ని మోసాలు కావు, అజాగ్రత్తలు. అయినా అవతలివారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పేరు విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ ఉండటం మామూలే. పెళ్లయిన స్త్రీలకు మరో రూపం కూడా తోడవుతుంది. అన్ని పత్రాల్లోనూ పేరు ఒకేలా ఉన్నట్టు రాయకుండా, పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరును ప్రధానంగా ఇచ్చి, మిగిలిన రూపాలు ఏయే పత్రాల్లో ఉన్నాయో దరఖాస్తులోనే పేర్కొనండి.

మార్కుల దగ్గర రెండు జాగ్రత్తలు చాలు. సీజీపీఏను శాతంగా మార్చవలసి వస్తే మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రాన్నే వాడాలి. అనుకూలంగా ఉందని మరో బోర్డు సూత్రాన్ని అరువు తెచ్చుకోకూడదు. బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగినప్పుడు ప్రశ్నను రెండుసార్లు చదవండి. ప్రస్తుతం మిగిలి ఉన్నవాటిని అడుగుతున్నారా, చదువు మొత్తంలో ఎప్పుడైనా తప్పారా అని అడుగుతున్నారా అన్నది తేలాలి. మొదటి ప్రశ్నకు "లేవు" అన్నది నిజమే అయినా, రెండో ప్రశ్నకు అదే జవాబు అబద్ధమవుతుంది.

ఇంతకుముందు పీఎఫ్ (భవిష్య నిధి) ఉన్న ఉద్యోగం చేసి ఉంటే, ఎన్ని ఉద్యోగాలు మారినా మారని మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు యూఏఎన్‌తో ఈపీఎఫ్‌ఓ (భవిష్య నిధి సంస్థ) పోర్టల్లోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ చూసుకోండి. 2014 నుంచి అమల్లో ఉన్న ఈ ఒక్క నంబరు కిందే మీ పీఎఫ్ కట్టిన సంస్థల పేర్లు, చేరిన తేదీలు, వదిలిన తేదీలు కనిపిస్తాయి. పాత యజమాని మీరు వదిలిన తేదీ నమోదు చేయకపోతే, ఒకేసారి రెండుచోట్ల పనిచేసినట్టు అనుమానం వస్తుంది. ఆఖరి చందా జమైన నెల తర్వాత రెండు నెలలు గడిస్తే ఆ తేదీని మీరే నమోదు చేసుకునే వీలుంది. ఆ పని కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకముందే ముగించుకోవాలి.

లేని అనుభవం ఎందుకు నిలబడదు, ఉన్న అనుభవం ఎలా రాయాలి

కల్పించిన అనుభవం ఎక్కడ దొరికిపోతుందో తెలిస్తే దాని జోలికి వెళ్లబుద్ధి కాదు. వెరిఫికేషన్ సంస్థలు రిలీవింగ్ లెటరు మీదున్న ఫోన్ నంబరుకు చేసి ఊరుకోవు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి, జీతంలోంచి పన్ను కోసినట్టు యజమాని ఇచ్చే ఫారం 16 అడుగుతాయి, ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే 26ఏఎస్ పట్టికలో ఆ సంస్థ పేరు మీద పన్ను కోత (టీడీఎస్) కనిపిస్తోందా అని చూస్తాయి. ఆ రోజు ఎవరూ పట్టుకోకపోయినా, మూడేళ్ల తర్వాత మరో కంపెనీకి మారేటప్పుడు, లేదా వీసా కోసం అనుభవ పత్రాలు సమర్పించేటప్పుడు పాత అబద్ధాన్నే మళ్లీ నిరూపించుకోవలసి వస్తుంది. చేరేటప్పుడు ఇచ్చిన సమాచారం తప్పని తేలితే ఎప్పుడైనా తొలగించవచ్చన్న షరతు దాదాపు ప్రతి నియామక పత్రంలోనూ ఉంటుంది.

చట్టం సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానికి, 336వ సెక్షన్ ఫోర్జరీకి సంబంధించినవి. మోసం చేసే ఉద్దేశంతో పత్రాన్ని ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. నకిలీదని తెలిసి కూడా పత్రాన్ని అసలైనదిగా వాడినవారికి, దాన్ని తయారుచేసినవారికి పడే శిక్షే పడుతుందని 340వ సెక్షన్ చెబుతోంది. అంటే కాగితం తయారుచేసింది కన్సల్టెన్సీయే అయినా, దాన్ని దరఖాస్తుకు జతచేసిన అభ్యర్థి తప్పించుకోలేడు.

ఇక ఉన్న అనుభవం సంగతికి వద్దాం. బీకాం చదివిన ఒక యువకుడు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర ఒక సీజనంతా లెక్కలు రాశాడనుకుందాం. నియామక పత్రం లేదు, జీతం చేతికిచ్చారు, పీఎఫ్ లేదు. అతడు దీన్ని ఉద్యోగంగానే లెక్కపెట్టుకోక, రెజ్యూమెలో హైదరాబాదు కంపెనీ పేరొకటి కల్పించి "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, రెండేళ్లు" అని రాస్తాడు. ఇంటర్వ్యూలో ఆ కంపెనీ నెలవారీ జీఎస్టీ రిటర్నులు ఎవరు వేసేవారని అడగగానే ఆగిపోతాడు. అతడే ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి: "2024 జనవరి నుంచి మే వరకు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి వద్ద లెక్కల సహాయకుడిగా పనిచేశాను. వచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర నమోదు చేయడం, రైతుకు చెల్లించవలసిన మొత్తం లెక్కగట్టడం, సాయంత్రానికి ట్యాలీలో ఎంట్రీలు పూర్తిచేయడం నా బాధ్యతలు. నియామక పత్రం ఇవ్వలేదు. యజమాని అనుమతితో ఆయన ఫోన్ నంబరు ఇవ్వగలను." దీని మీద ఎన్ని ప్రశ్నలు వేసినా అతడు తడబడడు. తూకంలో తేడా వస్తే ఏం చేసేవారు, రైతు లెక్క ఒప్పుకోకపోతే ఎవరు సర్దిచెప్పేవారు అని అడిగితే అతని దగ్గర పదినిమిషాల మాట ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి విడిభాగాల దుకాణంలో స్టాకు చూసిన అమ్మాయికి, పెళ్లిళ్ల సీజన్లో చుట్టాల క్యాటరింగ్ లెక్కలు నడిపిన అబ్బాయికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఇలా రాసేటప్పుడు నాలుగు సంగతులు పడాలి: ఏ కాలం, ఎవరి దగ్గర, మీ చేతులతో చేసిన పని ఏమిటి, దాన్ని ఎవరు ధ్రువీకరించగలరు. సొంతవారి వ్యాపారమైతే ఆ బంధుత్వాన్ని దాచకూడదు. తండ్రిని "మేనేజరు"గా చూపి రిఫరెన్సు ఇప్పించడం పైకి చిన్న విషయంగా తోచినా, అదీ తప్పుడు సాక్ష్యమే. పీఎఫ్ లేకపోవడం దానంతటది అనుమానాస్పదమేమీ కాదు. పీఎఫ్ నిబంధన సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి, నలుగురు పనిచేసే దుకాణంలో అది ఉండకపోవడం సహజం.

నైపుణ్యాల జాబితాకు నేను చెప్పే పరీక్ష ఒకటే. రాసిన ప్రతి మాట మీదా ఒకదాని వెనక ఒకటిగా మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఆ మాట ఉంచండి. మొదటి ప్రశ్నకే ఆగిపోతే తీసేయండి, లేదా "కోర్సులో నేర్చుకున్నాను, ఉద్యోగంలో వాడలేదు" అని చేర్చండి. చివరి ఏడాది ప్రాజెక్టు విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. రెడీమేడ్‌గా కొని సమర్పించిన ప్రాజెక్టును దరఖాస్తులో గొప్పగా చూపడం కంటే, రెండు వారాలు కూర్చుని సొంతంగా చేసిన చిన్న ప్రోగ్రాము చూపడం ఎంతో మేలు. నలుగురు కలిసి చేసినదైతే "మేము" చేసినదేదో, "నేను" చేసినదేదో విడదీసి రాయాలి.

భాష దిద్దడానికి కృత్రిమ మేధ సాధనాలు వాడుకోవడంలో తప్పులేదు. అయితే అవి మీరు చేయని పనులను, సాధించని శాతాలను కూడా నిండుగా రాసి ఇస్తాయి కాబట్టి, వచ్చిన ప్రతి వాక్యాన్నీ మీ తెల్లకాగితంతో సరిచూసుకోవాలి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మీ బదులు మరొకరు మాట్లాడే ప్రాక్సీ పద్ధతి, తెర వెనక జవాబులు చదివి చెప్పడం, ఇవి ఏ సమర్థనకూ అందని మోసాలు. ఒక సీటు ఎవరికో అక్రమంగా వెళ్లిందంటే, అదే గదిలో అదే ఉద్యోగానికి నిజాయితీగా చదువుకున్న మరో పిల్లవాడి చేతినుంచి అది పోయిందన్నమాట. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ సంగతే.

ఖాళీ ఏళ్ల గురించి

మన రెండు నగరాల్లో ఖాళీ ఏళ్లకు ప్రధాన కారణం పోటీ పరీక్షల సన్నద్ధత. గ్రూప్-2, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోసం రెండు మూడేళ్లు గడపడం ఇక్కడ ప్రతి వీధిలో తెలిసిన సంగతి. నోటిఫికేషన్లకూ పరీక్షలకూ మధ్య ఎంత కాలం పడుతుందో ఉద్యోగమిచ్చేవారికీ తెలుసు: 2023 డిసెంబరులో వెలువడిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగితే, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. కాబట్టి "2023 ఆగస్టు నుంచి 2025 మార్చి వరకు ఏపీపీఎస్సీ గ్రూప్-2కు సన్నద్ధమయ్యాను, ఎంపిక కాలేదు, ఇకపై ఈ రంగంలోనే కొనసాగాలని నిర్ణయించుకున్నాను" అని ఒక వాక్యం రాస్తే చాలు. చివరి భాగం ముఖ్యం, ఎందుకంటే మళ్లీ నోటిఫికేషన్ వస్తే వెళ్లిపోతారేమోనన్నదే వారి అసలు సందేహం. ఒకవేళ మీరు నిజంగా మళ్లీ రాయాలనుకుంటుంటే ఆ చివరి భాగం రాయకండి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంట్లో పెద్దవారి అనారోగ్యం, ప్రసవం, పిల్లల పెంపకం వంటి కారణాలకు "కుటుంబ బాధ్యతలు" అన్న రెండు మాటలు సరిపోతాయి. వివరాలు చెప్పాలో వద్దో మీ ఇష్టం.

చెప్పకపోవడానికీ అబద్ధం చెప్పడానికీ తేడా

నిజాయితీ అంటే అన్నీ బయటపెట్టడమని కొందరు పొరబడతారు. ప్రస్తుత జీతం అడిగితే చెప్పవచ్చు, లేదా "ఈ పనికి నేను ఆశిస్తున్నది ఇంత" అని మర్యాదగా తప్పుకోవచ్చు. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడం మాత్రం పేస్లిప్పులు అడిగిన రోజున ఇబ్బంది తెస్తుంది. సీటీసీలో, అంటే మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చులో, కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ కూడా కలుస్తాయి కాబట్టి, చేతికొచ్చే జీతం చెబుతున్నారో సీటీసీ చెబుతున్నారో స్పష్టంచేయండి. చేతిలో లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పి జీతం పెంచమనడం కూడా అబద్ధమే.

ఉద్యోగానికి ముందస్తు షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష అడగడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. పనితో సంబంధం లేని ఆరోగ్య విషయాలను మీరే ముందుకొచ్చి చెప్పనక్కరలేదు. పనిమీద నేరుగా ప్రభావం చూపేవి మాత్రం, ఉదాహరణకు డ్రైవరు పనికి కంటిచూపు లోపం, చెప్పితీరాలి.

కేసుల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి, ముఖ్యంగా ప్రభుత్వోద్యోగాలకు తమ గత వివరాలు ప్రకటిస్తూ నింపే అటెస్టేషన్ ఫారాల్లో. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయమై మార్గదర్శకాలిచ్చింది. శిక్ష పడినా, నిర్దోషిగా తేలినా, అరెస్టయినా, కేసు పెండింగులో ఉన్నా, అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలని చెబుతూనే, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి అల్పమైన కేసులను దాచిన సందర్భంలో యజమాని విచక్షణతో మన్నించవచ్చని కూడా పేర్కొంది. కాలేజీ రోజుల్లో ధర్నాలో పాల్గొని కేసులో పేరు పడినవారికి ఇది పనికొచ్చే తీర్పు. ఫారం అడిగినది ఎఫ్‌ఐఆర్ గురించా, అరెస్టు గురించా, శిక్ష గురించా అన్నది పదం పదం చదివి, అడిగినదానికి పూర్తిగా జవాబివ్వండి. కేసు కొట్టివేశారు కదా అని "లేదు" మీద టిక్కు పెట్టకూడదు. "ఉంది" అని పెట్టి, కొట్టివేసిన ఉత్తర్వు ప్రతిని జతచేయాలి.

ఉద్యోగమిచ్చేవారికి

అభ్యర్థుల నిజాయితీ గురించి గట్టిగా మాట్లాడే సంస్థలు తమ ప్రకటనలను కూడా అదే కొలతతో చూసుకోవాలి. "ఆకర్షణీయమైన జీతం" అని రాసి ఇంటర్వ్యూ చివరలో పదివేలు చెప్పడం, ఆఫీసు పని అని పిలిచి ఇంటింటికీ తిరిగి అమ్మే పని ఇవ్వడం, ముందే మనిషిని అనుకుని పేరుకు పదిమందిని పిలవడం, ఇవన్నీ బందరు నుంచో సత్తెనపల్లి నుంచో బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చిన పిల్లలకు చేసే అన్యాయాలు. జీతం పరిధి, పనివేళలు, వారపు సెలవు, ప్రొబేషన్ కాలం ప్రకటనలోనే రాయండి. పరీక్ష పేరుతో అభ్యర్థి చేత నిజమైన పని చేయించుకుంటే దానికి డబ్బివ్వండి.

అసలు సర్టిఫికెట్లు పెట్టుకోవడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. అసలువి చూసి, నకళ్లు తీసుకుని, అప్పటికప్పుడే తిరిగివ్వడం సరైన పద్ధతి. మనిషి వెళ్లిపోతాడేమోనన్న భయంతో అతని జీవితకాలపు ఆస్తిని బీరువాలో పెట్టుకోవడం ఒత్తిడి చేయడమే అవుతుంది. శిక్షణకు నిజంగా ఖర్చుపెట్టినప్పుడు బాండు రాయించుకోవడంలో అర్థముంది. అయితే ఎంత కాలం, ఎంత మొత్తం అన్నది ఆఫర్ లెటరులోనే ఉండాలి. చేరిన రోజున కాగితం ముందుపెట్టి సంతకం చేయమనకూడదు. మానేసిన తర్వాత పోటీ సంస్థలో చేరనే కూడదనే షరతులకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ సాధారణంగా బలమివ్వదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంటర్వ్యూలో "మనవాళ్లేనా?" అన్న ప్రశ్న ఏ రూపంలోనూ రాకూడదు. ఊరిపేరు, ఇంటిపేరు ఆధారంగా కులం ఆరా తీయడం కూడా అదే ప్రశ్న. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని ఆడపిల్లలను అడగడమూ అంతే. నియామకంలో స్త్రీల పట్ల వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టం నుంచీ మన చట్టాలు చెబుతూనే ఉన్నాయి. బంధువులో స్నేహితుడో పంపిన దరఖాస్తును అసలు చూడకూడదని నేననను. ఆ సంబంధం ఏమిటో కాగితం మీద రాయించి, పంపినవారిని ఎంపిక బృందంలో కూర్చోబెట్టకుండా, మిగిలినవారిని అడిగిన ప్రశ్నలే వారినీ అడగాలి.

ఎంపిక కానివారికి వారంలోగా రెండు వాక్యాల జవాబు పంపండి. ఎంపికైనవారు కూడా చేరదలచుకోకపోతే వెంటనే చెప్పాలి. చేరే తేదీ వరకు ఫోనెత్తకుండా ఉండిపోతే, వెయిటింగులో ఉన్న మరొకరి అవకాశం పోతుంది.

డబ్బు అడిగితే

"బ్యాక్‌డోర్" పేరుతో ఉద్యోగానికి లక్షలు అడిగేవారితో, సచివాలయంలో తెలిసినవారున్నారని ఔట్‌సోర్సింగ్ పోస్టులు ఇప్పిస్తామనేవారితో బేరం కూడా ఆడకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ ఫీజు అని ఏ పేరు పెట్టినా సరైన సంస్థ ఆఫర్ ఇవ్వడానికి డబ్బు తీసుకోదు. విదేశీ ఉద్యోగమైతే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటేనా అని ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడండి. అలాంటి ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఆన్‌లైన్లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే తప్పు రాసి ఉంటే

దరఖాస్తు వెళ్లిపోయింది, అందులో ఒక తేదీయో ఒక ఉద్యోగమో నిజం కాదు, ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది అనుకోండి. వెరిఫికేషన్ మొదలుకాకముందే సరిదిద్దుకోవడం ఉత్తమం. హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయండి: "నేను పంపిన రెజ్యూమెలో 2022–2023 మధ్య ఉద్యోగ వివరం సరైనది కాదు. ఆ కాలంలో నేను ఉద్యోగంలో లేను. సవరించిన రెజ్యూమెను జతచేస్తున్నాను. దీని ఆధారంగా నా దరఖాస్తును పరిశీలించగలరని కోరుతున్నాను." కారణాలు, క్షమాపణలు పేజీలకొద్దీ అక్కర్లేదు. కొన్నిచోట్ల తిరస్కరిస్తారు, దానికి సిద్ధపడాలి. కొన్నిచోట్ల ఫోన్ చేసి మాట్లాడతారు. నకిలీ పత్రం జతచేసి ఉంటే మాత్రం మెయిల్‌తో సరిపెట్టుకోకుండా, ముందుగా న్యాయవాదిని సంప్రదించి ఆయన సలహా మేరకు దరఖాస్తు ఉపసంహరించుకోవడం మంచిది. మెయిల్ పంపిన రోజే ఉద్యోగ పోర్టళ్లలో, లింక్డ్‌ఇన్‌లో ఉన్న పాత రెజ్యూమెలను కూడా మార్చేయండి, ఎందుకంటే రిక్రూటర్లు ఆ పాత ప్రతినే దించుకుని మరో సంస్థకు పంపే అవకాశం ఉంది. మీరు పంపిన సవరణనూ, దానికి వచ్చిన జవాబునూ భద్రపరచుకోండి. ఆ సంస్థలోనే చేరితే, వెరిఫికేషన్ చేసేవారు రెండు రెజ్యూమెల మధ్య తేడా గురించి అడిగినప్పుడు చూపవలసింది ఆ రెండు మెయిళ్లనే.